ఆయకట్టు మీద రోడ్డు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఆ సీమను ఏలుతూ అనంతరాజసాగరం కట్టించిన సంగతి అందులో ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మామూలుగా శాసనాలు ఇంతటితో ఆగి దాత పుణ్యాన్ని పొగుడుతాయి. ఇది ఆగలేదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను లెక్కపెట్టింది. గట్టి మట్టి ఉన్న నేల అంగాల్లో ఒకటి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల దోషాల్లోకి వచ్చాయి. శ్లోకాలు సంస్కృతంలో ఉన్నా, ఆ జాబితా వెనుక పారా తట్టా పట్టినవాళ్ల అనుభవం ఉంది. పండితుడు ఇంట్లో కూర్చుని ఊహించి రాయగలిగిన మాటలు కావవి.

ఆ జాబితాలో లేనిదాన్ని కూడా గమనించాలి. నేల చెడ్డదైతే దాన్ని ఎలా బాగుచేయాలో శాసనం చెప్పదు. మంచి నేల వెతుక్కోవాలి, చెడ్డదాన్ని వదిలేయాలి, అంతే. చెరువు కట్టేవాడికి ఆ వెసులుబాటు ఉంటుంది. రోడ్డు వేసేవాడికి ఉండదు. ఊరు ఎక్కడుంటే దారి అక్కడికి పోవలసిందే, మధ్యలో ఎలాంటి మట్టి ఉన్నా సరే. అయినా తర్వాతి ఐదారు శతాబ్దాల పాటు దక్షిణ రాయలసీమలో రోడ్డు పని చేసినవాళ్లు దాదాపు ఈ చెరువు పద్ధతినే పట్టుకున్నారు. చెడ్డ మట్టిని చుట్టి పోవడం, చుట్టి పోలేని చోట తవ్వి పారబోసి వేరేచోటి మట్టి తెచ్చి నింపడం. ఉన్న మట్టినే మార్చుకోవచ్చునన్న ఆలోచన ఇక్కడికి ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో గానీ రాలేదు. వచ్చాక అది ప్రయోగశాల గడప దాటడానికి పడిన పాట్లు పుట్టుక కథ కంటే ఎక్కువ చెబుతాయి.

ముందు తిరుపతి చుట్టుపక్కల నేల సంగతి. తిరుమల కొండ అడుగున గ్రానైటు, దాని మీద నగరి క్వార్ట్‌జైటు. ఆ రెండు పొరల మధ్య పదుల కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైంది. ఘాట్ రోడ్డు పక్కన కనిపించే ఆ గీతను భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. దాని రూపకల్పనకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెబుతారు. రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. ఈ రెండింటికీ ఉన్న భయం పైనుంచి జారిపడే రాయి. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ మీద బండలు పడ్డప్పుడు రాష్ట్రమంతా చూసింది కూడా అదే. చక్రం కింద మట్టి కుంగుతుందన్న బెంగ కొండ మీద లేదు.

కొండ దిగితే గ్రానైటు శిథిలమై ఏర్పడిన గరప నేల. రోడ్డు వేసేవాడికి ఇంతకంటే మంచి మట్టి దొరకదు. కాస్త తడిపి రోలరు తిప్పితే బిగుసుకుంటుంది, వానకు నానినా బలం పెద్దగా పోదు. పాత చిత్తూరు జిల్లా నేలల్లో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు ఎర్ర నేలలే. మిగిలిన ఒక్క పాలుకు ఇంత చర్చ ఎందుకంటే, అది ఉన్న చోటు అలాంటిది. మెట్ట మీద ఊరు, పల్లంలో చెరువు, చెరువు కింద మాగాణి. ప్రతి వానకూ మెట్ట మీది సన్నని మట్టి కొట్టుకొచ్చి పల్లంలో చేరుతుంది. తరతరాలుగా నీరు నిలిచిన ఆయకట్టులో ఆ ఒండ్రే నల్లటి బంకమట్టిగా పేరుకుంది. స్వర్ణముఖి పరీవాహకంలో తిరుపతి, రేణిగుంట, ఏర్పేడు వైపు ఇలాంటి మట్టి ముక్కలు ముక్కలుగా తగులుతుంది. ఊరి నుంచి పెద్ద రోడ్డుకు పోయే దారి ఎక్కడో ఒకచోట ఆ పల్లం దాటక తప్పదు. మూడు కిలోమీటర్ల రోడ్డులో రెండున్నర కిలోమీటర్లు నిక్షేపంగా ఉండి, మాగాణి మధ్యలో పోయే అరకిలోమీటరే ఏటేటా పాడవుతుందంటే కారణం ఇది.

ఈ బంకమట్టిలో మోంట్‌మొరిల్లనైట్ అనే ఖనిజం ఉంటుంది. అది పేకముక్కల కట్ట లాంటిది. ముక్కకూ ముక్కకూ మధ్య నీరు దూరితే కట్ట ఉబ్బుతుంది, ఎండకు ఆ నీరు పోతే మళ్లీ ముడుచుకుంటుంది. తారు రోడ్డు మీద దీని జాడ తెలిసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. గుంతలు తర్వాతి మాట. ఎండాకాలంలో ముందుగా రోడ్డు అంచుకు మూరెడు లోపల, అంచు వెంబడే పొడుగ్గా ఒక చీలిక పారుతుంది. తారు కింద ఉన్న మట్టి ఇంకా చెమ్మగానే ఉంటే, పక్కన గాలీ ఎండా తగిలే మట్టి ఎండి కుంచించుకుపోయి రోడ్డు అంచును తనతో లాక్కుపోతుంది. తొలకరి నీరు ఆ చీలికలోంచి కిందికి దిగుతుంది. పంట వేసుకుని వెళ్లే మొదటి ట్రాక్టరు మిగతా పని పూర్తి చేస్తుంది.

1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి, కడప నుంచి కొన్ని తాలూకాలు కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరిచేనాటికి ఇక్కడి రోడ్డు పని పద్ధతి స్థిరపడిపోయింది. మట్టి తవ్వడం, కట్ట పోయడం వడ్డెరల చేతి పని. చెరువు కట్టలు పోసిన చేతులే రోడ్డు కట్టలూ పోశాయి. పొర పొరగా మట్టి పోసి, పదును చూసుకుని దిమ్మిసలతో మొత్తేవారు. తర్వాత రోలర్లు వచ్చాయి. మట్టి ఎంపిక మాత్రం మారలేదు.

ఆ ఏడాదే, 1911లో, స్వీడన్‌లో ఆటర్‌బెర్గ్ బంకమట్టి ఎంత నీటికి ముద్ద అవుతుందో, ఎంత నీటికి జారుతుందో కొలిచే పద్ధతి ప్రకటించాడు. మట్టి గుణాన్ని చేతితో నలిపి చెప్పడం నుంచి అంకెల్లో చెప్పడానికి అది మొదటి మెట్టు. 1933లో లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా విభాగంలో పనిచేసే ప్రాక్టర్, ఒక్కో మట్టికి ఒక్కో పదును ఉంటుందని, ఆ తేమ దగ్గర కుదించినప్పుడే అది అన్నిటికంటే గట్టిగా కూర్చుంటుందని లెక్కలతో చూపించాడు. మన మట్టిపని వాళ్లు ఈ మాటకు ఆశ్చర్యపడి ఉండరు. వాళ్లకు లేనిది ఆ పదునును కాగితం మీద పెట్టి, వంద మైళ్ల అవతలి వాడికి పంపగలిగే పద్ధతి.

మట్టిని మార్చే ప్రయత్నాల్లో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి నారది, రెండోది రసాయనానిది. విచిత్రంగా రెండింటికీ తొలి ఆధునిక ఆనవాళ్లు అమెరికాలోని దక్షిణ కరొలైనా రాష్ట్రంలోనే ఉన్నాయి. 1926 నుంచి అక్కడి హైవే శాఖ మట్టి రోడ్డు మీద నూలు గుడ్డ పరిచి, దాని మీద వేడి తారు పోసి పరీక్షించింది. 1935లో అదే రాష్ట్రంలో జాన్సన్‌విల్ దగ్గర మట్టిలో సిమెంటు కలిపి రోడ్డు వేశారు. పత్తి పండించే రాష్ట్రం గుడ్డతో మొదలుపెట్టడంలో వింత లేదు. అలాగే జనపనార ఊరైన కలకత్తాలో 1934లో స్ట్రాండ్ రోడ్డు పనికి గోనెగుడ్డ వాడారు. ఎవరి పంట వాళ్ల రోడ్డులోకి వచ్చింది. ఆ 1934 డిసెంబరులోనే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడింది. మన రోడ్ల కొలమానాలను ఈనాటికీ నిర్ణయించేది అదే.

తిరుపతిలో ఈ శాస్త్రానికి చోటు దొరకడానికి విశ్వవిద్యాలయం రావలసి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ మరుసటి ఏడు, 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1959లో దాని ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అనంతపురంలో అంతకుముందు నుంచే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. 2015లో ఐఐటీ తిరుపతి వచ్చి ఏర్పేడు దగ్గర స్థిరపడింది. మట్టి పరీక్షల గదులు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి: మట్టిని ఆరబెట్టే ఓవెన్, జల్లెడలు, తడిసిన గోనెసంచులు, గోడ వారన నీటి తొట్టె. ఆ తొట్టెలో మట్టి బలాన్ని కొలిచే సీబీఆర్ పరీక్ష అచ్చులు మునిగి ఉంటాయి. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న ఇనుప అచ్చులో మట్టిని దట్టించి, పైన రోడ్డు బరువుకు బదులుగా ఇనుప బిళ్లలు పెట్టి నాలుగు రోజులు నానబెడతారు. తర్వాత 50 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున అందులోకి దించుతారు. అది 2.5 మిల్లీమీటర్లు దిగడానికి నలగ్గొట్టిన మేలు రకం కంకరలో అయితే 1370 కిలోల బరువు కావాలి. నానిన నల్లమట్టిలో 27 కిలోలకే దిగిపోవచ్చు. దాన్నే 2 శాతం సీబీఆర్ అంటారు. కాలిఫోర్నియా హైవే శాఖలో పోర్టర్ 1920ల చివర రూపొందించిన ఈ పరీక్షను ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1970 నాటి తన 37వ నంబరు మార్గదర్శకాల్లో తారు రోడ్ల మందానికి ఆధారంగా తీసుకుంది. సీబీఆర్ ఎంత తగ్గితే కంకర పొర అంత మందం కావాలి. ఖర్చు లెక్క మొత్తం ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది.

నల్లమట్టికి మొదటి మందు సున్నం. సున్నం ఈ సీమకు కొత్త కాదు. చంద్రగిరి రాజమహల్ కలప లేకుండా రాయి, ఇటుక, సున్నపు గచ్చుతోనే నిలబడింది. గానుగలో రుబ్బిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కలపడం తాపీ పనివాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య. అయితే గోడలో సున్నం రాయికీ ఇటుకకూ మధ్య అతుకు మాత్రమే. బంకమట్టిలో అది మట్టి స్వభావంలోకే దిగుతుంది. మొదట సున్నంలోని కాల్షియం మట్టి పలకల మీది సోడియాన్ని తప్పించి ఆ చోటు తాను తీసుకుంటుంది. పలకలు గుంపులు కట్టి మట్టి పొడిపొడిగా విరుగుతుంది. ఇది గంటల్లో జరిగే పని. రెండోది నెమ్మదైనది. క్షారగుణం బాగా పెరిగిన ఆ తేమలో మట్టిలోని సిలికా, అల్యూమినా కరిగి, కాల్షియంతో కలిసి సిమెంటు లాంటి జిగురుగా మారతాయి. దీనికి వారాలు, నెలలు పడుతుంది. ఎంత సున్నం సరిపోతుందో తేల్చడానికి 1966లో ఈడ్స్, గ్రిమ్ ఒక తేలిక పరీక్ష చెప్పారు. మట్టి, సున్నం, నీళ్లు కలిపిన ముద్ద పీహెచ్ 12.4కు చేరేంత చాలు. సాధారణంగా అది మట్టి బరువులో 3 నుంచి 8 శాతం మధ్య ఉంటుంది.

సున్నానికి ఒక శత్రువు ఉంది. మట్టిలో గంధకపు లవణాలు, అంటే సల్ఫేట్లు ఎక్కువుంటే సున్నం కలిపాక ఎట్రింజైట్ అనే ఖనిజం పుట్టి, నీరు పీల్చి, రోడ్డును పైకి లేపేస్తుంది. అమెరికాలో లాస్ వేగస్ నగరపు స్టీవర్ట్ అవెన్యూలో ఇలా జరిగిన సంగతిని జేమ్స్ మిచెల్ 1986లో బయటపెట్టాక ప్రపంచమంతా జాగ్రత్తపడింది. పోరుమామిళ్ల శాసనం చవుడును దోషాల్లో చేర్చింది చెరువు గురించే అయినా, చవుడు కనిపించిన చోట లవణాలు పరీక్షించకుండా సున్నం బస్తాలు విప్పకూడదని ఇవాళ్టి రోడ్డు ఇంజనీరు కూడా అదే వరసలో నేర్చుకోవాలి.

ఇక నార. మట్టి గోడకు వరిగడ్డి కలపని ఊరు రాయలసీమలో ఉండదు. ఇరాక్‌లోని అకర్ కూఫ్ జిగురాత్తులో రెల్లు చాపలున్నాయి, చైనా గోడ పడమటి భాగంలో గడ్డీ కొమ్మల పొరలున్నాయి. ఈ పాత తెలివిని లెక్కల్లోకి తెచ్చినవాళ్లు చాలా తర్వాత వచ్చారు. 1963లో ఫ్రాన్సుకు చెందిన హెన్రీ విడాల్ మట్టి పొరల మధ్య లోహపు పట్టీలు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1983లో అమెరికాలో గ్రే, ఒహాషి ఇసుకలో నారపోగులు పెట్టి పరీక్షించి, చెట్టు వేరు కట్టను పట్టి ఉంచే తీరు ఎలాంటిదో లెక్క కట్టారు. ఆ తర్వాత పరిశోధకులు వేలెడు కంటే పొట్టి ముక్కలుగా నారను కోసి, మట్టి బరువులో అర శాతం, ఒక శాతం చొప్పున కలిపి చూస్తూనే ఉన్నారు.

సున్నానికీ నారకూ మధ్య పొత్తు ఎందుకు కుదిరిందో చూడాలి. సున్నం, సిమెంటు మట్టికి బలం ఇస్తాయి, దాంతోపాటు పెళుసుతనమూ ఇస్తాయి. బరువు మించితే అది ఒక్కసారిగా పగులుతుంది. నార పెద్దగా బలం పెంచకపోయినా, పగులు మొదలైన చోట రెండు అంచులనూ పట్టి ఆపుతుంది. రెండూ కలిపితే మట్టి గట్టిపడుతుంది, విరిగేటప్పుడు కూడా మెల్లగా విరుగుతుంది. పరిశోధనల్లో పదేపదే తేలే విషయం ఇదే. చూడబోతే వాటిలో కొత్తగా ఉండేది ఎక్కువగా పదార్థం పేరే. కొబ్బరి పీచు, కిత్తనార, జనుము, పాలీప్రొపిలీన్. బూడిదల్లో వరిపొట్టుది, చెరుకు పిప్పిది, వేరుశనగ పొట్టుది. గ్రానైటు కోత పొడి, క్రషర్ డస్ట్. చిత్తూరు బెల్లానికి, కుప్పం గ్రానైటుకు పేరున్న సీమలో ఈ జాబితా సహజమే. మన దేశంలో మనిషి జుట్టుతో మట్టిని బలపరిచిన ప్రయోగాలూ ఉన్నాయి. తిరుపతిలో ఆ మాట వినగానే కల్యాణకట్ట గుర్తొస్తుంది గానీ, తలనీలాలు వేలంలో పలికే ధర తెలిసినవాళ్లెవరూ వాటిని రోడ్డు కింద పూడ్చమని అనరు.

నారతో అసలు ఇబ్బంది కలపడం. పరీక్ష గదిలో రెండు కిలోల మట్టిలో పోగులను చేత్తో విడదీస్తూ కలపవచ్చు. పొలం పక్కన ట్రాక్టరు రోటవేటరు కింద అదే నార ఉండలు కడుతుంది. ఉండ ఉన్న చోట మట్టి లేదు, ఉండ లేని చోట నార లేదు. సున్నానిదీ ఇలాంటి తంటానే. బస్తాలు వరసగా పెట్టి, కోసి, పారతో సమంగా పరిచి, నీళ్ల ట్యాంకరు తిప్పి, దున్ని, ఒక రోజు మగ్గనిచ్చి, మళ్లీ దున్ని అప్పుడు రోలరు ఎక్కించాలి. తర్వాత వారం పాటు తడి ఆరనివ్వకూడదు. గాలి లేస్తే సున్నం కూలీల కళ్లలో పడుతుంది. మాగాణిలో పని చేయగలిగేది కోతలయ్యాక, వానలకు ముందు. రాయలసీమలో ట్యాంకరుకు నీళ్లు దొరకనిది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

మరో పక్క గ్రావెల్, అంటే అదే గరప, ఉంది. టిప్పరు గుట్ట దగ్గర నిండుతుంది, రోడ్డు మీద ఒరుగుతుంది, కొలతల పుస్తకమైన ఎం-బుక్కులో ఘనపు మీటర్లుగా ఎక్కుతుంది. ప్రభుత్వ ధరల పట్టిక అయిన ఎస్ఎస్ఆర్‌లో దానికి ధర ఉంది, కాంట్రాక్టరుకు అలవాటుంది, ఇంజనీరుకు కొలిచే తీరు తెలుసు. ప్రభుత్వానికి కట్టే సీనరేజీ గుట్ట అసలు విలువకు ఏ మూలకూ రాదు. మట్టిని మార్చే విద్య ఈ జిల్లాల్లో వెనకబడిందంటే శాస్త్రం చాలక కాదని నా అభిప్రాయం. చేతికందే దూరంలో మంచి గరప గుట్ట ఉండటమే దానికి అడ్డు. బంకమట్టి తప్ప మరేమీ లేని చోట్ల ఇంజనీర్లు గత్యంతరం లేక ఈ పద్ధతులు నేర్చుకున్నారు. కాకినాడ కొత్త రేవు దారిలో మెత్తటి సముద్రపు బంకమట్టి మీద 1990ల రెండో సగంలో జనపనార వస్త్రం పరిచి కట్ట పోయడం అలాంటిదే.

బూడిద విషయంలో మాత్రం బయటి ఒత్తిడి కొంత పనిచేసింది. కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1994లో పని మొదలుపెట్టింది. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ విద్యుత్ కేంద్రాల బూడిదను చుట్టుపక్కల 50 కిలోమీటర్ల లోపు నిర్మాణాల్లో వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ పరిధి 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగింది. 100 కిలోమీటర్ల దాకా రవాణా ఖర్చు మొత్తం విద్యుత్ కేంద్రానిది, ఆపైన చెరి సగం అని 2016 ఉత్తర్వు. అంటే కాగితం మీద తిరుపతి కూడా ఆ బూడిద పరిధిలోకి వచ్చింది. 2010లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సున్నం, సిమెంటు, బూడిదలతో మట్టిని స్థిరీకరించే మార్గదర్శకాలు విడిగా ప్రచురించింది.

నార గ్రామాల్లోకి వచ్చింది 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ద్వారా. ప్రతి విడతలో 15 శాతం పొడవును కొత్త పద్ధతుల్లో వేయాలని ఆ పథకం మూడో దశలో నియమం పెట్టారు. కొబ్బరి పీచు వస్త్రానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆమోదం దొరికాక, 2020 జూన్‌లో ఏడు రాష్ట్రాల్లో 164 కిలోమీటర్ల పైచిలుకు రోడ్లకు దాన్ని వాడాలని నిర్ణయించారు. కేరళకు 71 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌కు 47.6. తెలంగాణకు దక్కింది అర కిలోమీటరు చిల్లర. ఈ వస్త్రాన్ని మట్టికీ కంకరకూ మధ్య పరుస్తారు. నీటిని పోనిస్తుంది, బంకమట్టి కంకరలోకి ఎక్కకుండా, కంకర మట్టిలోకి దిగకుండా ఆపుతుంది. పీచులో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి జనపనార కంటే ఆలస్యంగా, రెండు మూడేళ్లకు కుళ్లుతుంది. అప్పటికి కింది మట్టి నీరు వదిలి కుదురుకుని ఉంటుందని లెక్క.

2021 నవంబరు వానలు ఈ లెక్కలన్నిటినీ వేరే వెలుగులో చూపించాయి. తిరుపతి వీధులు మునిగాయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడింది, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు ఊట పట్టడంతో కింది ఊళ్లు ఖాళీ చేయించి ఇసుక బస్తాలు పేర్చారు. 1369 నాటి దోషాల పట్టికలో మొదటిది అక్కడ అందరి కళ్లముందు జరిగింది. ఆ మరుసటి ఏప్రిల్ 4న కొత్త తిరుపతి జిల్లా ఏర్పడి, గూడూరు, సూళ్లూరుపేట, పులికాట్ ఒడ్డు అందులోకి వచ్చాయి. గరప గుట్టలు అలవాటైన జిల్లాకు ఇప్పుడు ఉప్పు బంకమట్టి, సరస్సు నడుమ శ్రీహరికోటకు పోయే కట్ట రోడ్డు కూడా సొంతమయ్యాయి. ఇంకోవైపు బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే, జాతీయ రహదారుల విస్తరణ కలిసి గ్రావెల్ గుట్టలను ముందెన్నడూ లేని వేగంతో తింటున్నాయి. గుట్ట దూరమయ్యే కొద్దీ టిప్పరు బాడుగ పెరుగుతుంది. సున్నం బస్తాకూ గ్రావెల్ లోడుకూ మధ్య ఖర్చు తేడా అక్కడే కరుగుతుంది.

గ్రామ సడక్ రోడ్డుకు కాంట్రాక్టరు నిర్వహణ బాధ్యత ఐదేళ్లు. సున్నపు మట్టి బలాన్ని మనం కొలిచేది 28 రోజులకు. పీచు వస్త్రం మూడో ఏటికే పోతుంది. ఆరో ఏడు మాగాణి నీళ్లలో నానే ఆ రోడ్డును తవ్వి, లోపల సున్నం ఎంత మిగిలిందో, మట్టి ఎంత కుదురుకుందో చూడటానికి ఎస్ఎస్ఆర్‌లో పద్దు కావాలి, ఆ నమూనాను నాలుగు రోజులు నానబెట్టడానికి తిరుపతి కాలేజీల తొట్టెల్లో చోటు కావాలి. 2020లో మంజూరైన రోడ్లకు ఆ ఆరో ఏడు ఇప్పుడే వస్తోంది.